చేతిలో పట్టే గేమింగ్ పరికరం: బొమ్మ బాగుండాలి, ఆట తడబడకూడదు (స్టీమ్ డెక్‌తో అడుగడుగునా)

మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్ నుంచి వస్తూ స్టీమ్ డెక్ తెచ్చిపెట్టాడు. ఎల్‌సీడీ మోడల్. తయారుచేసే కంపెనీ వాల్వ్ దీన్ని మన దేశంలో నేరుగా అమ్మదు. ఇక్కడ ఎవరి చేతిలోనైనా కనబడిందంటే అది ఏ బంధువు సూట్‌కేసులోనో వచ్చి ఉండాలి, లేదా దిగుమతి చేసుకునే దుకాణంలో కొన్నదై ఉండాలి. విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని సైబర్‌పంక్ 2077 ఆట మొదలుపెట్టాను. సెట్టింగులన్నీ పైకి తోసేశాను. సాయంత్రపు ఎండ స్క్రీన్ మీద పడి బొమ్మ సగం కనబడలేదు. కనబడిన సగం కుంటుతూ నడిచింది. ఫ్యాను మోత విని ఎదుటి సీట్లో పెద్దాయన "బాబూ, అదేమన్నా కాలిపోతోందా?" అని అడిగారు. తుని వచ్చేసరికి బ్యాటరీ 15 శాతం. సామర్లకోట రాకముందే ఆరిపోయింది.

ఆ రాత్రి అర్థమైంది ఒక్కటే. ఈ పరికరాల్లో స్క్రీన్, వేగం, బ్యాటరీ అని మూడు వేర్వేరు లెక్కలు లేవు. మూడూ ఒకే జీతం మీద బతికే ఇల్లు. ఒకరికి పట్టుచీర కొంటే ఇంకొకరి స్కూల్ ఫీజు ఆగుతుంది. అందుకే సెట్టింగులు ఏ వరుసలో మార్చాలన్నది, ఏం మార్చాలన్నదానికన్నా ముఖ్యం. నేను చేసే వరుస ఇదీ.

ముందు మీ చేతిలో ఉన్నదేంటో చూసుకోండి

2022 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి స్టీమ్ డెక్‌కి 7 అంగుళాల ఎల్‌సీడీ స్క్రీన్. రిజల్యూషన్ 1280×800, సెకనుకు 60 సార్లు రిఫ్రెష్ అవుతుంది, వెలుతురు సుమారు 400 నిట్స్, బ్యాటరీ 40 వాట్ అవర్స్. 2023 నవంబరులో వచ్చిన ఓఎల్ఈడీ మోడల్‌కి 7.4 అంగుళాల స్క్రీన్. రిజల్యూషన్ అదే, రిఫ్రెష్ 90 హెర్ట్జ్ దాకా, మామూలు బొమ్మకు 600 నిట్స్, హెచ్‌డీఆర్‌లో (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మ) 1000 దాకా, బ్యాటరీ 50 వాట్ అవర్స్. లోపలి చిప్ రెండింట్లోనూ దాదాపు ఒకటే. ఓఎల్ఈడీ దానిలో చిప్‌ను చిన్న సైజులో తయారుచేశారు, మెమరీ కాస్త వేగంగా ఉంటుంది. ఆటల్లో ఈ తేడా కొద్దిగానే తెలుస్తుంది. స్క్రీన్ తేడా మాత్రం పెట్టె తెరవగానే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

"ఇంత డబ్బు పోసి 800 పిక్సెళ్లేనా?" అని చాలామంది ముఖం చిట్లిస్తారు. లెక్క వేసి చూడండి. 1280×800 అంటే 10 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఏసుస్ ఆర్ఓజీ ఆలై లాంటి 1080పీ (1920×1080) స్క్రీన్‌లో 20 లక్షలు దాటుతాయి. లెనోవో లీజియన్ గో 2560×1600 స్క్రీన్‌లో ఏకంగా 40 లక్షల 96 వేలు, అంటే డెక్‌కి సరిగ్గా నాలుగింతలు. ఆ పిక్సెళ్లన్నింటికీ రంగు వేయాల్సింది అరచేతిలో ఇమిడే చిప్పే. మీ టేబుల్ కింద ఉండే పీసీలో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 150, 200 వాట్లు తాగుతుంది. డెక్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ కలిపి 15 వాట్లలో సర్దుకోవాలి. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే తక్కువ పిక్సెళ్లు పెట్టడం పిసినారితనం కాదని తెలుస్తుంది.

1. అంకెలు కళ్ల ముందు పెట్టుకోండి

కుడివైపు కింద మూడు చుక్కల బటన్ ఉంటుంది. అది నొక్కి బ్యాటరీ గుర్తున్న ట్యాబ్‌లోకి వెళ్లండి. 'పెర్ఫార్మెన్స్ ఓవర్‌లే' అని ఒక స్లైడర్ ఉంటుంది. 1లో ఫ్రేముల అంకె (సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో, అదే ఎఫ్‌పీఎస్) మాత్రమే కనిపిస్తుంది. 2లో పైన ఒక పట్టీలాగా ముఖ్యమైనవన్నీ వస్తాయి. 4లో మొత్తం జాతకం కనబడుతుంది. సర్దుకునేటప్పుడు 4లో పెట్టండి, ఆడేటప్పుడు తీసేయండి. తీసేయమన్నది ఊరికే కాదు. అంకె కనబడుతున్నంతసేపూ మనం ఆట ఆడం, అంకె చూస్తూ కూర్చుంటాం.

చూడాల్సినవి మూడు. ఒకటి, జీపీయూ (చిప్‌లో గ్రాఫిక్స్ గీసే భాగం) ఎన్ని శాతం పనిచేస్తోంది. రెండు, ఫ్రేమ్ టైమ్ గీత, అంటే ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం. అది చెరువు నీళ్లలా నిలకడగా ఉందా, ఈసీజీలా ఎగురుతోందా? మూడు, బ్యాటరీ నుంచి ఎన్ని వాట్లు పోతున్నాయి. సగటు ఎఫ్‌పీఎస్ అంకెకు నేను పెద్ద విలువ ఇవ్వను. సగటు 45 చూపిస్తూనే ప్రతి నాలుగు సెకన్లకూ ఒక కుదుపు ఇచ్చే ఆటలు బోలెడు. కంటికి తెలిసేది ఆ కుదుపే.

2. బరువు ఎవరి మీద పడుతోంది?

ఆటలో బాగా రద్దీగా ఉండే చోటికి వెళ్లి నిలబడండి. సైబర్‌పంక్‌లో అయితే కబుకి మార్కెట్. ఖాళీ రోడ్డు మీద నిలబడి కొలిస్తే ఏ ఆటైనా బాగానే నడుస్తుంది, సెలవు రోజు ఉదయం అమీర్‌పేట లాగా.

జీపీయూ 95 శాతం దాటి ఉంటే బరువు గ్రాఫిక్స్ మీద ఉన్నట్టు. అప్పుడు రిజల్యూషన్, నీడలు, పొగమంచు లాంటివి తగ్గిస్తే ఫలితం కనబడుతుంది. జీపీయూ 60, 70 దగ్గరే ఆగిపోయి ఫ్రేములు మాత్రం రావడం లేదంటే ఇరుకు ప్రాసెసర్ దగ్గర ఉంది. అలాంటప్పుడు రిజల్యూషన్ ఎంత తగ్గించినా బొమ్మ పాడవడమే తప్ప వేగం రాదు. నమ్మకం కుదరకపోతే రిజల్యూషన్‌ను ఒక్కసారి బాగా కిందికి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే గ్రాఫిక్స్, పెరగకపోతే ప్రాసెసర్. రెండు నిమిషాల పరీక్ష ఇది. ఇది చేయకుండా సెట్టింగులు మార్చడమంటే రక్తపరీక్ష చేయించకుండా మాత్రలు మింగడమే.

3. ఎన్ని ఫ్రేములు కావాలో ముందే తేల్చుకోండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు.

సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు. 60 అంటే 16.7. మరి ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నది ఏది? 45 అనిపిస్తుంది కానీ కాదు, 40. ఎందుకంటే 40 ఫ్రేములకు ఒక్కోదానికి 25 మిల్లీసెకన్లు. 33.3కీ 16.7కీ నడుమ 25 ఉంది. అంటే 30 నుంచి 10 ఫ్రేములు పెంచితే చాలు, 60కి వెళ్లినప్పుడు వచ్చే నునుపులో సగం చేతికొస్తుంది. ఆ మిగతా సగం కోసం ఇంకో 20 ఫ్రేముల కరెంటు ఖర్చుపెట్టాలి.

అయితే 40 ఫ్రేములను 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఊరికే వదిలేస్తే కుదరదు. స్క్రీన్‌ను ఆర్టీసీ బస్సు అనుకోండి. 60 హెర్ట్జ్ అంటే 16.7 మిల్లీసెకన్లకు ఒక బస్సు బయల్దేరుతుంది. ఫ్రేము ప్రయాణికుడు. మన ప్రయాణికులు 25 మిల్లీసెకన్లకు ఒకరు చొప్పున స్టాండుకు వస్తున్నారు. ఒకరికి బస్సు సిద్ధంగా ఉంటుంది, తర్వాతవాడు కొంచెంలో తప్పిపోయి ఇంకో బస్సు దాకా నిలబడతాడు. స్క్రీన్ మీద ఒక బొమ్మ 16.7 మిల్లీసెకన్లు ఉంటే, తర్వాతది 33.3 ఉంటుంది. మళ్లీ 16.7, మళ్లీ 33.3. అంకె 40 అనే చూపిస్తుంది, కన్ను మాత్రం "ఏదో తేడాగా ఉంది" అంటుంది. కెమెరా మెల్లగా తిప్పి ఒక గోడ అంచును చూడండి, ఆ వణుకు ఇట్టే తెలుస్తుంది.

దీనికి మందు బస్సుల టైమ్ మార్చడం. 2022 వేసవిలో వచ్చిన అప్‌డేట్‌తో డెక్ ఎల్‌సీడీ స్క్రీన్‌ను 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఎక్కడైనా పెట్టుకునే వీలు వచ్చింది. 40 ఫ్రేములు, 40 హెర్ట్జ్: ప్రయాణికుడు వచ్చే వేళకే బస్సు. ఓఎల్ఈడీ స్క్రీన్ 45 నుంచి 90 దాకా పోతుంది, దాన్ని 80 హెర్ట్జ్‌లో పెట్టి ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపిస్తారు. డెక్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన స్టీమ్ఓఎస్‌లో ఇప్పుడు ఫ్రేమ్ లిమిట్ స్లైడర్ జరిపితే రిఫ్రెష్ దానంతటదే సర్దుకుంటుంది, మీరు లెక్క వేయక్కర్లేదు.

ఆలై, నింటెండో స్విచ్ 2 లాంటివాటి స్క్రీన్‌లకు వీఆర్ఆర్ ఉంది. అంటే ప్రయాణికుడు ఎప్పుడొస్తే అప్పుడే బయల్దేరే షేర్ ఆటో. 47 వచ్చినా 53 వచ్చినా వణుకు తెలియదు. డెక్ సొంత స్క్రీన్‌కు ఆ సౌకర్యం లేదు, రెండు మోడళ్లలోనూ. అందుకే డెక్‌లో లిమిట్ పెట్టడం తప్పనిసరి.

నేను పాటించే పద్ధతి: కథ ప్రధానంగా నడిచే బరువైన ఆటలకు 30 లేదా 40. కొట్లాట, రేసింగ్ ఆటలకు కుదిరితే 60. హేడీస్ లాంటి తేలికవి ఓఎల్ఈడీ ఉన్నవాళ్లు 90లో ఆడుకోవచ్చు, ఆ సుఖం వేరు. రద్దీ చోట 36, 37 మాత్రమే వస్తున్నప్పుడు 40 పెట్టకండి. 30కి దిగండి. కదలని 30, ఊగే 38 కన్నా కంటికి వెయ్యి రెట్లు హాయి. ఇది ఒప్పుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, అంకె మీద మోజు అలాంటిది.

ఒక జాగ్రత్త. ఆటలోనూ ఒక లిమిట్, డెక్‌లోనూ ఒక లిమిట్ పెట్టారంటే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బటన్ నొక్కాక కత్తి తిరగడానికి ఆలస్యమవుతున్నట్టు అనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. రెండింటిలో ఒకటి తీసేయండి.

4. రిజల్యూషన్ ఎంత దించొచ్చు, ఎక్కడ ఆగాలి

ఎఫ్ఎస్ఆర్ అని ఏఎండీ తయారుచేసిన పద్ధతి ఒకటుంది. ఆటను తక్కువ రిజల్యూషన్‌లో గీసి, దాన్ని పెద్దది చేసి స్క్రీన్ నిండా చూపిస్తుంది. డెక్‌లో అది రెండు చోట్ల దొరుకుతుంది, ఆట మెనూలో ఒకటి, మూడు చుక్కల మెనూలో 'స్కేలింగ్ ఫిల్టర్' దగ్గర 'షార్ప్' అని ఇంకొకటి. ఆటలోనే ఎఫ్ఎస్ఆర్ 2 లేదా ఆ పైది ఉంటే అదే వాడండి. అది పాత ఫ్రేముల్లోని వివరాలను కూడా కలుపుకుని బొమ్మ కడుతుంది. మూడు చుక్కల మెనూలోది ఒక్క ఫ్రేమును తీసుకుని అంచులు చెక్కడం మాత్రమే చేస్తుంది. పాత ఆటలకు అది చాలు. దాన్ని వాడాలంటే ముందు ఆట మెనూలో రిజల్యూషన్‌ను స్క్రీన్ కన్నా తక్కువకు, ఉదాహరణకు 960×600కి దించాలి. ఆ పని చేయకుండా షార్ప్ పెట్టి "ఏం తేడా లేదే" అనుకునేవాళ్లు చాలామంది.

ఎఫ్ఎస్ఆర్‌లో 'క్వాలిటీ' అంటే వెడల్పు, ఎత్తు రెండింటినీ 1.5తో భాగించడం. 'పెర్ఫార్మెన్స్' అంటే 2తో. 4కే టీవీ మీద పెర్ఫార్మెన్స్ పెట్టినా లోపల 1080పీ ఉంటుంది, అందుకే యూట్యూబ్ వీడియోల్లో అది అద్భుతంగా కనబడుతుంది. డెక్‌లో అదే పెడితే లోపల మిగిలేది 640×400. 2011లో వచ్చిన సోనీ వీటా స్క్రీన్ 960×544, అంటే దానికన్నా తక్కువ! దూరంగా ఉన్న చెట్టు ఆకులు, తలవెంట్రుకలు, కరెంటు తీగలు అన్నీ తడిసిన పేపరులా అలుక్కుపోతాయి. చిన్న స్క్రీన్‌లో క్వాలిటీ దగ్గర ఆగండి. అదీ 853×533 మాత్రమే. అక్కడికీ చాలకపోతే ఇంకా రిజల్యూషన్ దించే బదులు ఫ్రేముల లక్ష్యాన్ని దించండి.

ఫ్రేమ్ జనరేషన్ అని ఇంకో ఆశ చూపిస్తారు. రెండు నిజమైన ఫ్రేముల మధ్య ఒక ఊహాఫ్రేము పెట్టడం. అసలు ఫ్రేములు 60 దగ్గర ఉన్నప్పుడు అది బాగుంటుంది. 25 వస్తున్న ఆటకు పెడితే అంకె 50 అవుతుంది, బటన్ స్పందన మాత్రం 25 కన్నా బరువెక్కుతుంది. డెక్‌లో నేను ముట్టుకోను.

ఇంకో చిన్న మాట. డెక్ స్క్రీన్ 16:10. ఆటను 1280×720లో పెడితే పైనా కిందా 40 పిక్సెళ్ల చొప్పున నల్ల పట్టీలు వస్తాయి. అది లోపం కాదు. ఆ పట్టీలతో పని కూడా కొంచెం తగ్గుతుంది.

5. ఆట మెనూలో ఏది ముందు తగ్గించాలి

ఆటలో 'స్టీమ్ డెక్' పేరుతోనే ప్రీసెట్ (ముందే సర్దిన సెట్టింగులు) ఉంటే, సైబర్‌పంక్‌లో ఉన్నట్టు, అక్కడి నుంచే మొదలుపెట్టండి. లేకపోతే మీడియం నుంచి. నేను వెళ్లే వరుస: మొదట వాల్యూమెట్రిక్ ఫాగ్ (పొగమంచు), తర్వాత స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్లు (ప్రతిబింబాలు), తర్వాత నీడలు, ఆపైన యాంబియంట్ ఆక్లూజన్ (మూలల్లో పడే సన్నని నీడ). రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టి గీయడం) ఉంటే మాట్లాడకుండా ఆపేయండి. మోషన్ బ్లర్ మాత్రం అందరూ చెప్పినట్టు గుడ్డిగా తీసేయకండి. 30 ఫ్రేముల్లో కొద్దిగా బ్లర్ ఉంటే కదలిక నునుపుగా అనిపిస్తుంది.

టెక్స్చర్లు (గోడలు, నేల లాంటివాటి మీద అతికించే బొమ్మలు) తగ్గించడం చివరి మాట. డెక్‌లో 16 జీబీ మెమరీని ప్రాసెసరూ గ్రాఫిక్సూ కలిసి పంచుకుంటాయి, కాబట్టి మీడియం టెక్స్చర్లు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. అవి తగ్గిస్తే వేగం పెద్దగా పెరగదు, గోడలు మాత్రం సున్నం వేసినట్టవుతాయి. అనైసోట్రాపిక్ ఫిల్టరింగ్ (ఏటవాలుగా కనబడే నేల మసకబారకుండా చూసేది) 8 దగ్గర ఉంచుకోండి, దానికయ్యే ఖర్చు తక్కువ.

కబుకి మార్కెట్‌లో నేను చేసింది చెబుతాను. డెక్ ప్రీసెట్‌లో నిలబడితే ఫ్రేములు 30కీ 40కీ మధ్య ఊగుతున్నాయి. నీడలు తగ్గించాను, బొమ్మలో తేడా తెలిసింది కానీ అంకె అంతగా కదల్లేదు. అక్కడ అడ్డం పడుతున్నది జనం. వాళ్లను నడిపించేది ప్రాసెసర్. 'క్రౌడ్ డెన్సిటీ'ని తగ్గించాను. మార్కెట్ కాస్త పలచబడింది కానీ ఫ్రేములు పడిపోయే లోయలు పోయాయి. నీడల్ని మళ్లీ యథాస్థానంలో పెట్టేసి 30కి లాక్ చేశాను. ఫ్రేమ్ టైమ్ గీత పడుకున్న పాములా తిన్నగా అయింది. రెండో అడుగులోని పరీక్ష ముందే చేసుంటే ఆ నీడల గొడవ తప్పేది.

6. టీడీపీ

టీడీపీ అనగానే మనవాళ్లకు సైకిల్ గుర్తొస్తుంది. ఇక్కడ అది చిప్ తీసుకునే కరెంటుకు పెట్టే గరిష్ఠ పరిమితి. డెక్‌లో 3 నుంచి 15 వాట్ల దాకా పెట్టుకోవచ్చు.

ఫ్రేమ్ లిమిట్ పెట్టాక, టీడీపీని ఒక్కో వాటు దించుతూ రండి. ఫ్రేమ్ టైమ్ గీత వణకడం మొదలైన చోట ఆగి, ఒకటి రెండు వాట్లు వెనక్కి పెంచండి. స్టార్డ్యూ వ్యాలీ లాంటి ఆటకు 4, 5 వాట్లు చాలు. బరువైన ఆటలకు దీనితో పెద్ద లాభం లేదు, అవి ఎలాగూ మొత్తం అడుగుతాయి. ఎంతసేపు వస్తుందో లెక్క సులువు: బ్యాటరీ సామర్థ్యాన్ని, ఓవర్‌లేలో బ్యాటరీ దగ్గర కనిపించే వాట్లతో భాగించండి. 40ని 23తో భాగిస్తే గంటా ముప్పావు కూడా రాదు. నా తుని కథ అదే. 40ని 10తో భాగిస్తే నాలుగు గంటలు. చిప్ 5 వాట్లే తిన్నా స్క్రీన్, వైఫై, ఫ్యాను, స్టోరేజీ వాటా వేరేగా ఉంటుంది. అందుకని బ్రైట్‌నెస్ తగ్గించడం, అవసరం లేనప్పుడు వైఫై ఆపడం తేలిక ఆటల్లోనే ఎక్కువ కలిసొస్తుంది.

7. ఇక స్క్రీన్ సంగతి

ఎల్‌సీడీ డెక్ రంగులు కొంచెం వెలిసినట్టు ఉంటాయి, ఆ ప్యానెల్ ఎస్ఆర్‌జీబీ (స్క్రీన్‌లకు మామూలుగా వాడే రంగుల ప్రమాణం) రంగులన్నింటినీ చూపలేదు. 2023 చివర్లో వచ్చిన స్టీమ్ఓఎస్ 3.5 నుంచి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గర రంగుల గాఢత, వెచ్చదనం మార్చుకునే వీలుంది. గాఢతను కొద్దిగా పెంచండి. ఎక్కువ పెంచితే మనుషుల ముఖాలు పెళ్లి వీడియోలో మేకప్ లాగా తయారవుతాయి. చీకటి గదిలో అంచుల దగ్గర బూడిదరంగు వెలుగు కారుతుంది. అది ఎల్‌సీడీ స్వభావం, వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి. బ్రైట్‌నెస్ తగ్గిస్తే అది కూడా తగ్గుతుంది.

ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తన దీపం తనే. నలుపంటే నిజంగా ఆరిపోవడమే. బొమ్మ మారే వేగం కూడా ఎక్కువ కాబట్టి కదిలేవాటి వెనక తోకలు ఉండవు. 60 ఫ్రేముల ఆట కూడా ఎల్‌సీడీ మీదకన్నా స్పష్టంగా కనిపించడానికి సగం కారణం ఇదే. చాలా మసక వెలుతురులో ఒకే రంగు బూడిద బొమ్మ చూస్తే నేత బట్టలాంటి మరకలు కొన్నింటిలో కనబడతాయి. ఆటల్లో నాకెప్పుడూ అడ్డురాలేదు, వెతికితేనే దొరుకుతాయి. ఒకే ఆటను నెలల తరబడి గంటలు గంటలు ఆడేవాళ్లు మాత్రం కదలని హెల్త్ బార్ల గురించి కాస్త జాగ్రత్తపడండి. వదిలి లేచేటప్పుడు స్లీప్‌లో పెట్టడం అలవాటు చేసుకుంటే చాలు.

హెచ్‌డీఆర్ ఆట మెనూలో విడిగా ఆన్ చేయాలి. పెట్టాక ఆటలోనే 'పీక్ బ్రైట్‌నెస్' అని అడిగితే 1000 ఇవ్వండి.

స్క్రీన్ గార్డు గురించి నా సొంత ఏడుపు ఒకటుంది. ఎల్‌సీడీలో 512 జీబీ మోడల్‌కు, ఓఎల్ఈడీలో 1 టీబీ మోడల్‌కు అద్దం మీద మెరుపు తగ్గించే చెక్కుడు ఉంటుంది. నాది మొదటిది. ఒక మొబైల్ షాపులో "ఫోన్లకు వేసేదే అన్నా, సూపర్‌గా ఉంటుంది" అని నిగనిగలాడే టెంపర్డ్ గ్లాస్ అంటించారు. ఆ చెక్కుడు కోసం ఇచ్చిన డబ్బు అక్కడే పోయింది. రైల్లో బొమ్మకు బదులు నా ముఖం కనబడింది అందుకే. పీకేశాక తేడా తెలిసింది. చెక్కుడు అద్దం ఉన్నవాళ్లు గార్డు వేస్తే మ్యాట్‌దే వేయండి, లేదా అలా వదిలేసి కేసులో పెట్టుకు తిరగండి.

8. మే నెలలో

డెక్ బాగా పనిచేసే గది ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని వాల్వ్ చెబుతుంది. విజయవాడ, రామగుండంలో మే మధ్యాహ్నం సంగతి మీకు చెప్పక్కర్లేదు. చిప్ 100 డిగ్రీలు చేరితే వేగం తగ్గించుకుంటుంది, 105 దగ్గర ఆరిపోతుంది. కాబట్టి ఉదయం 40 ఫ్రేములు ఇచ్చిన ఆట మధ్యాహ్నం 32 ఇస్తే సెట్టింగులను అనుమానించే ముందు ఓవర్‌లేలో ఉష్ణోగ్రత చూడండి. వేడిగాలి పైఅంచు నుంచి బయటకొస్తుంది, వెనక చిల్లుల నుంచి గాలి లోపలికి వెళ్తుంది. పరుపు మీద, ఒళ్లో దిండు మీద పెట్టి ఆడితే ఆ చిల్లులు మూసుకుపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నాలకు టీడీపీ 10 వాట్లు, 30 ఫ్రేములు పెట్టుకుంటే అరచేతులు కూడా చల్లగా ఉంటాయి. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఇంకా వేడెక్కుతుంది.

9. మొదటి గంటలో తడబాటు

అన్నీ సరిగ్గా పెట్టినా కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా ఆట అరక్షణం ఆగుతుంటే అది షేడర్ల పని. ఆట గ్రాఫిక్స్ సూచనలను మీ చిప్‌కు అర్థమయ్యే భాషలోకి అప్పటికప్పుడు మార్చుకోవడం. డెక్‌లన్నీ ఒకే రకం చిప్పులు కాబట్టి ఆ మార్పిడిలో చాలావరకు ముందే చేసి స్టీమ్ డౌన్‌లోడ్‌లో పంపిస్తుంది. 'ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్' అని వస్తే స్కిప్ నొక్కకండి, టీ తాగి రండి. ఎస్‌డీ కార్డు మీంచి ఆడితే లోడింగ్ ఆలస్యం అవుతుంది. పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటలు లోపలి స్టోరేజీలో, చిన్నవి కార్డులో పెట్టుకోండి.

మీది డెక్ కాకపోతే

ఆలై లాంటి విండోస్ పరికరాలకూ ఇదే వరుస, పేర్లు మాత్రం వేరు. మొదటి ఆలైలో సైలెంట్ 10, పెర్ఫార్మెన్స్ 15, టర్బో 25 వాట్లు (ఛార్జర్ పెడితే 30). స్క్రీన్ 1080పీ అయినా బరువైన ఆటలు 720పీలో ఆడండి, ఏడు అంగుళాల్లో తేడా తక్కువ, లాభం ఎక్కువ. నింటెండో స్విచ్‌లో మన చేతికి దొరికేది చాలా తక్కువ. ఆటలోనే 'పెర్ఫార్మెన్స్', 'క్వాలిటీ' అని రెండు మోడ్‌లు ఉంటే చేతిలో ఆడేటప్పుడు మొదటిది ఎంచుకోండి.

చివరగా, ప్రొఫైల్

ఇంత చేశాక, మూడు చుక్కల మెనూలో ఒక్కో ఆటకు విడి ప్రొఫైల్ వాడే స్విచ్ ఉంటుంది. అది ముందే ఆన్ చేసుకోండి. లేకపోతే స్టార్డ్యూకు పెట్టిన 5 వాట్లతో సైబర్‌పంక్ తెరుచుకుంటుంది, మీరు ఆట పాడైందనుకుంటారు.

తిరుగు ప్రయాణానికి గ్లాస్ పీకేశాను. కబుకిలో సర్దిన సెట్టింగులు, 30 ఫ్రేములు, టీడీపీ 10, బ్రైట్‌నెస్ సగం, వైఫై ఆఫ్. ఓవర్‌లేలో మొత్తం ఖర్చు 16, 17 వాట్ల దగ్గర తిరిగింది. అదే గోదావరి, ఈసారి హైదరాబాద్ వైపు నుంచి. వరంగల్‌లో బండి ఆగేసరికి ఇంకా 10 శాతం ఉంది. సైబర్‌పంక్ మూసేసి, ఆ పది శాతంతో స్టార్డ్యూలో మొక్కలకు నీళ్లు పోశాను.